అమ్మమ్మ చెడగొట్టిన బొమ్మ

సూర్యుడు రోజూ గుండ్రంగా వచ్చాడో లేదో చూసి టిక్కు పెట్టేది మా అమ్మమ్మే. ఆవిడ సెలవు పెట్టిన రోజున మబ్బు పడుతుంది. అనుమానముంటే ఆకాశాన్నే అడగండి.

మిగతా వేళల్లో ఆవిడ దర్జీ కొట్టు పైనున్న నాలుగు బల్లల ఆఫీసులో, వెబ్ పేజీల్లో బొమ్మలు సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో చూస్తుంది. చూసేది కంప్యూటరే, దానికి చూడటం నేర్పేది ఆవిడ. తమంతట తామే బ్రౌజరు తెరిచి, పేజీని కిందిదాకా జరిపి, ఒక్కో బొమ్మనీ వచ్చావా అని అడిగే పరీక్షల ప్రోగ్రాములు రాస్తుంది. అన్నీ వస్తే పచ్చ, ఒక్కటి రాకపోయినా ఎరుపు. ఫోటో స్టూడియో మూతపడి ఉద్యోగం పోయాక, నలభై ఎనిమిదో ఏట నేర్చుకున్న విద్య ఇది. మొదటిరోజు మౌసుని గాల్లోకి ఎత్తి పట్టుకుని పాఠం విన్నదని మా అమ్మ అంటుంది. ఆవిడ ఒప్పుకోదు.

ఆవిడకో నియమం ఉంది. ఏ పరీక్షనైనా నమ్మేముందు, ఒక బొమ్మ ఎక్కడుందో కంప్యూటరుకి చెప్పే చిరునామాని కావాలనే చెడగొడుతుంది. ఎరుపు వస్తేనే ఆ పరీక్షకి కళ్ళున్నట్టు. కుక్క అరుస్తుందో లేదో తెలియాలంటే గోడ దూకి చూడాలంటుంది.

మందుల దుకాణం పేజీ వచ్చినప్పుడు మాత్రం, పని వత్తిడిలో ఆ నియమం అటకెక్కింది. చదవడం రానివాళ్ళు బొమ్మ చూసి తమ మాత్ర గుర్తుపట్టాలని కట్టిన పేజీ అది. మూడు వారాలు అంతా పచ్చే. ఇక ఆ సాయంత్రం నాలుగింటికి పేజీని జనానికి తెరుస్తారనగా, మధ్యాహ్నం అన్నం డబ్బా మూస్తుంటే ఆవిడకి గుర్తొచ్చింది. ఒక చిరునామా చెడగొట్టింది. పచ్చ. ఇంకోటి చెడగొట్టింది. పచ్చే.

అప్పుడు పేజీని తన కళ్ళతో కిందిదాకా చూసింది. బొమ్మ దొరకనిచోట దుకాణం కంప్యూటరు ఒక బూడిదరంగు చదరం పంపుతోంది. పరీక్ష చూసేది పొడవూ వెడల్పూ ఉన్నాయా అనే; అవి చదరానికీ ఉన్నాయి కాబట్టి దాన్నీ బొమ్మే అనుకుంది. ఆవిడ చెడగొట్టినవి కాక, అడుగున మరో పదకొండు మాత్రలు అదే బూడిద ముఖంతో కూర్చున్నాయి.

ఆ ఆఫీసులో పదేళ్ళుగా ఆవిడ సరే అంటే సరే. నోరు విప్పితే ఆ మాట పలచనవుతుంది. విప్పకపోతే ఏ ముసలాయనో గుండె మాత్ర బదులు తలనొప్పి మాత్ర తెప్పించుకుంటాడు. మంచినీళ్ళు తాగి మేనేజరు బల్ల దగ్గరికి నడిచింది.

"బాబూ, పేజీ ఇవాళ తెరవొద్దు. నా పరీక్ష గుడ్డిది."

"మూడు వారాలుగా పచ్చే కదమ్మా?"

"మూడు వారాలుగా గుడ్డిదే."

అతను తల పట్టుకుని దుకాణానికి ఫోన్ చేశాడు. మర్నాటికల్లా పరీక్ష చదరాన్ని గుర్తుపట్టడం నేర్చింది, మాత్రల్లో దేని ముఖం దానికొచ్చింది. ఇప్పుడు ఆవిడ సరే అంటే, చెడగొట్టి చూశారా అని అతను అడుగుతాడు. ఆవిడ ఎరుపు తెరిచి చూపిస్తుంది.

ఇదంతా రాసి ఆవిడకి చదివి వినిపించి, మెచ్చుకుంటుందేమోనని ఆగాను. అమ్మమ్మ కళ్ళజోడు తీసింది.

"పని వత్తిడీ కాదు, గాడిదగుడ్డూ కాదు. బద్ధకించాను. అది దిద్దు."