కత్తెరకు దొరికిన శుభలేఖ

మొన్న సరుకులకని వెళ్ళి బిల్లింగ్ లైన్లో నిలబడితే, పక్కన స్టాండుకి గిఫ్ట్ కార్డులు పెట్టి ఇచ్చే అట్ట కవర్లు వేలాడుతున్నాయి. చేత్తో చేసినట్టు కనపడాలని అంచులు కాస్త వంకరగా కోశారు. అంత వంకరగా కొయ్యడానికి ఆ మెషీన్ ఎంత శ్రమపడిందో పాపం. అలాంటివి చూస్తే అందరికీ పండగ గుర్తొస్తుంది కాబోలు, నాకు మాత్రం మా వదినగారు గుర్తొస్తారు. వదినగారంటే మా ఆయనకి అక్కగారు. అప్పట్లో అమెరికాలో నోవై అనే ఊళ్ళో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య పది నిమిషాల డ్రైవ్. అంత దగ్గరగా ఉండటం మంచిది కాదని మా ఇద్దరి అభిప్రాయం. మేం ఏకీభవించిన బహు కొద్ది విషయాల్లో అదొకటి.

అమెరికాలో ప్రతి తెలుగింట్లో ఒక సొరుగు నిండా పెళ్ళి శుభలేఖలుంటాయి. పెళ్ళయిపోతుంది, ఆ పెళ్ళివాళ్ళకి పిల్లలు పుడతారు, శుభలేఖ మాత్రం సొరుగులోనే ఉంటుంది. దానిమీద వినాయకుడుంటాడు కాబట్టి చెత్తబుట్టలో వెయ్యకూడదు. ఏట్లో కలుపుదామంటే ఇక్కడి ఏరు డిసెంబరుకల్లా గడ్డకట్టుకుని కూర్చుంటుంది. ఈ చిక్కుకి వదినగారు ఒక పరిష్కారం కనిపెట్టారు. అపార్ట్‌మెంట్ ఖాళీచేసి సొంత ఇంటికి మారుతూ, తన శుభలేఖలన్నీ ఒక సంచిలో కుక్కి తెచ్చి మా గరాజ్‌లో పెట్టారు. “దేవుడి బొమ్మలున్నాయి, పారెయ్యకూడదు. నీ దగ్గర ఉండనీ” అన్నారు. పారేసిన పాపాన్ని కూడా ఇంకో మనిషి మీదికి ట్రాన్స్‌ఫర్ చెయ్యొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఆ డిసెంబరులో, స్కూళ్ళు మూసే ముందు టీచర్లకి గిఫ్ట్ కార్డులు ఇవ్వాలి కదా, వాటికి పిల్లలచేత కవర్లు చేయిద్దామని ఒక శనివారం డైనింగ్ టేబుల్ మీద కత్తెర్లు, జిగురు, రిబ్బన్లు పరిచాను. శుభలేఖ అట్ట దీనికోసమే పుట్టినట్టుంటుంది. మందం, మెరుపు, ఒక మడత వేసి రెండు పక్కలా అంటిస్తే చక్కటి జేబు. వినాయకుడు కూడా చెత్తలోకి పోకుండా ఒక గౌరవమైన ఉద్యోగంలో కుదురుకుంటాడు. వదినగారు తన తొమ్మిదేళ్ళ కూతుర్ని, నాలుగు గిఫ్ట్ కార్డులని కలిపి మా గుమ్మంలో దింపారు. “నేను రెడీమేడ్‌వి కొందామనుకున్నా. నీకు ఓపిక కదా, దీనిచేత కూడా ఏదో అంటించి పంపు. మొన్న పాట్‌లక్ విందులో నీ పులిహోర కూడా ఓపిగ్గానే చేసినట్టున్నావు, ఎవరూ తొందరపడి తినలేదు” అని, బూట్ల మంచు మా కార్పెట్ మీద దులిపి వెళ్ళారు.

ఆవిడ సంచీ విప్పి పిల్లల ముందు కుమ్మరించాను. పైనే మా పెళ్ళి శుభలేఖ కనిపించింది. నాలుగు మూలలా పసుపు ఇంకా అలాగే ఉంది. ఎవరో దూరపు చుట్టానిది కాదు, సొంత తమ్ముడి పెళ్ళిది. పిల్లలు చూడకముందే తీసి బీరువాలో పెట్టాను. దాని కిందే ఎర్రటి పట్టులాంటి అట్ట ఒకటి ఉంది. అది ఆవిడ పెళ్ళి శుభలేఖ. ఇల్లు మారే హడావుడిలో పొరపాటున పడిపోయిందన్నమాట. నేను ఒక్కసారే చూశాను, కానీ పూర్తిగా చదివాను. మామగారు పోయి అప్పటికి రెండేళ్ళు. కూతురి పెళ్ళికి ప్రెస్సువాడు రాసే సంస్కృతం ఒప్పుకోక ఆ శుభలేఖ ఆయనే రాశారు. ‘ఎండలు మండిపోతున్నాయి కనుక సాయంత్రం రైలుకు రండి. భోజనాలు రెండు పూటలా ఉన్నాయి. మొహమాటపడవద్దు’ అని, కింద ఆయన పేరు. ఆ కాపీ ఒక్కటే ఆవిడతో ఈ దేశం వచ్చింది. ఆ సంగతీ నాకు తెలుసు.

“అత్తా, దిస్ వన్ సో ప్రెటీ. ఇది కట్ చేయనా?” అంది మేనకోడలు, ఆ ఎర్ర అట్ట పట్టుకుని. దానికి తెలుగు చదవడం రాదు. నాకు వచ్చు. “అది వద్దు” అనడానికి రెండు మాటలు చాలు. నేను లేచి వెళ్ళి టీ పెట్టుకున్నాను.

తిరిగొచ్చేసరికి జేబు తయారైపోయింది. పిల్లది చాలా శుభ్రంగా కోసింది. మా వాడు ఆరేళ్ళవాడు, వాడు అంటించినవి జిగురు ఎండేదాకా వాడికే అంటుకుని ఉన్నాయి. ముక్కలన్నీ ఊడ్చి నల్ల బ్యాగులో వేశాను. మంగళవారం చెత్త బండి వచ్చింది, వెళ్ళింది. గురువారం మేనకోడలు టీచరుకి కానుక ఇచ్చింది. ఆ సాయంత్రమే మా ఆయనకి, ఆ ఎర్ర జేబుతో సహా శనివారం తీసిన ఫోటోలు గుర్తొచ్చి, ‘పిల్లల కళ’ అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. ఏ పనీ ఆయన అంత సరిగ్గా టైముకి చెయ్యగా నేను చూడలేదు.

ఫోన్లో వదినగారు అరవలేదు. “రేపు మూడున్నరకి స్కూలుకొస్తున్నావు. నువ్వే అడుగుతావు” అన్నారు, అంతే. శుక్రవారం నేనే డ్రైవ్ చేశాను. టీచరు పాతికేళ్ళ పిల్ల. ఆ కవరుని తన బల్ల వెనక గోడకి పిన్ను చేసుకుంది. ఇచ్చిన కానుక తిరిగి అడగడానికి ఇంగ్లీషులో మర్యాదైన వాక్యం ఉండే ఉంటుంది, నాకు ఆ రోజు దొరకలేదు. పొరపాటున కుటుంబానికి చెందిన కాగితం కోశామని ఏదో నసిగాను. ఆ అమ్మాయి వెంటనే పిన్ను తీసి చేతికిస్తూ, “ఇందులో ఏం రాసుంది?” అని అడిగింది. వదినగారు చూసి, ఇంగ్లీషులోకి మార్చి నెమ్మదిగా చెప్పారు. “సాయంత్రం రైలుకు రండి, భోజనాలు రెండు పూటలా ఉన్నాయి.” అక్కడితో అట్ట అయిపోయింది. మొహమాటం, దాని కింద మామగారి పేరు, రెండూ మంగళవారమే వెళ్ళిపోయాయి. టీచరు “హౌ స్వీట్” అంది.

కార్లో సీట్ బెల్ట్ పెట్టుకుంటూ ఆవిడే మొదలుపెట్టారు.

“అది కోసేముందు నువ్వు చూశావా?”

“చూశాను.”

“నాన్నగారి పేరు కూడా?”

“చూశాను.”

ఆవిడ ఆ అట్టని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని జిప్పు వేశారు.

“సంచిలో మీ శుభలేఖ నేను కావాలనే వేశాను.”

“తెలుసు వదినా.”

“సరే, లెఫ్ట్ తీసుకో. అటు మంచు తీశారు.”

నేను క్షమించమనలేదు. ఆవిడా అడగలేదు. ఇంటికెళ్ళాక మా ఆయనకి చెబితే, చాలాసేపు కిటికీలోంచి చెత్త డబ్బా వైపు చూసి, “నాన్నది కదా” అని ఊరుకున్నారు. ఆయన నాతో పోట్లాడి ఉంటే బాగుండేది.

ఆ సగం అట్టని వదినగారు ఫ్రేము కట్టించి హాల్లో, వచ్చినవాళ్ళకి ఎదురుగా తగిలించారు. ఇదేమిటని ఎవరు అడిగినా ఒకటే జవాబు. “మా మరదలు పిల్లలచేత చేయించింది. చాలా క్రియేటివ్.” అలా అన్నప్పుడు నేను పక్కనే ఉంటే, నా చేతికి కాఫీ కప్పు కూడా అందిస్తారు. ఇప్పుడు మేనకోడలు కాలేజీలో ఉంది, మా వాడికి మీసాలొచ్చాయి, వదినగారికి మోకాలి ఆపరేషనైంది. కిటికీ ఎండ తగిలి ఆ ఎరుపు ఏడాదికి కాస్త చొప్పున వెలిసి, ఇప్పుడు లేత గులాబీ రంగులోకి వచ్చింది. కాలం పనిచెయ్యదని నేననను. అది ముందుగా అట్ట దగ్గర మొదలుపెట్టింది, మా ఇద్దరి దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టేలా ఉంది.