గీతల్లేని బొమ్మ

డిగ్రీ అయిపోయి, ఏం చేయాలో తెలియకపోయినా ఏదైనా చేయగలననుకునే రోజులవి. ఆ వయసులో ఆకలి తక్కువ, అహంకారం ఎక్కువ అంటారు (నాకు రెండూ ఎక్కువే). బొమ్మలేసి బతుకుతానంటే నాయన నెల గడువిచ్చాడు. ఆళ్లగడ్డలో రాతిబొమ్మలు చెక్కే మా మామ దగ్గర పని నిలబెట్టుకుంటే సరే, లేదంటే బీఈడీ. చెక్కబోయే బొమ్మను ముందు కాగితం మీద గీసివ్వడం నా పని. ఆ కాగితాన్ని రాతికి అతికించి, గీతల వెంబడి ఉలి నడుపుతారు. బొమ్మ తేలేసరికి కాగితం ముక్కలైపోతుంది.

నెలాఖర్లో దొర్నిపాడు నుంచి రిటైరైన బడి అయ్యవారొకరు వచ్చి, భార్య సమాధికి ఆమె ముఖం చెక్కిన పలక కావాలన్నారు. ఇచ్చింది నలుపు తెలుపు ఫొటో. "చీర ఏ రంగు సార్?" అన్నాను. రాతికి రంగుతో పనేమిటన్నట్టు మామ చూశాడు. అయ్యవారు మాత్రం కళ్లు మూసుకుని, "వంకాయ రంగుమ్మా, లేత వంకాయ" అన్నారు. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి నంద్యాల బస్సెక్కాను. అంగట్లో రంగు పెన్సిళ్లు ఒక్కొక్కటే తీసి చిత్తుకాగితం మీద రుద్దాను. కొన్ని గీరుకుంటూ పొడి రాల్చాయి, కొన్ని వెన్నలా జారాయి. "పెండ్లి చీరకు గూడా ఇంతసేపు చూడరు గదమ్మా!" అన్నాడు అంగడాయన. (నా పెళ్లి చీరకు నిజంగానే చూడలేదు.) తిరుగు బస్సులో పెన్సిళ్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని, చేలల్లో ఎన్ని రకాల పచ్చలున్నాయో చూస్తూ ఆళ్లగడ్డ దాటేసి, అహోబిలం దారిలో దిగాను.

వంకాయ రంగు డబ్బాలో లేదు. గులాబీ మీద నీలం, నీలం మీద మళ్లీ గులాబీ, ఒత్తకుండా తేలిగ్గా రుద్దుతూ పోతే మూడోరోజుకు చీర మెరిసింది. ఆ మూడు రోజులూ నేనెక్కడున్నానో నాకే తెలియదు. మామ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "గీత యాడుంది పాపా? ఉలి యాడ పెట్టాల?" అన్నాడు. రంగుల మోజులో గీతలన్నీ చెరిపేశాను! "సరేలే, అందాజాగా కొడ్తా" అని ఆయన పలకకు బంక పూస్తుండగా అయ్యవారు వచ్చారు.

"ఆగప్పా!" అని కాగితం లాక్కున్నారు. "అచ్చం మా ఇంటామె. దీన్ని రాతికేసి కొట్టొద్దు. పలక మీద ఉత్త పేరు చాలు." దాన్ని చొక్కాలో పెట్టుకుని వెళ్లిపోయారు.

"రాయి అమ్మే కాడ కాయితం అమ్మినావు గదమ్మే! నువ్వు బీఈడీకి పో" అన్నాడు మామ.

మామ వాళ్లింటికొచ్చి బాగా ఏడ్చాను. పొద్దున్నే సంచి సర్దుకుంటుంటే మామ గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో పాత ఫొటో. వాళ్లమ్మది, అంటే మా అవ్వది. "ఇన్నేండ్లు అందరి బొమ్మలూ చెక్కితి. ఈయమ్మ మీద ఉలి పెట్టాలంటే చెయ్యి రాల్యా. గీతలొద్దులే, అట్లే రంగులెయ్యి."

"చీర ఏ రంగు మామా?"

ఫొటోను వెలుతురుకు పట్టి చూశాడు. "గుర్తుంటే నీ కాడికి ఎందుకొస్తా?"

బీఈడీ తప్పలేదు, ఇప్పుడు బళ్లో లెక్కలు చెబుతున్నాను. అవ్వ చీరకు ఆ రోజు నాకు తోచిన మాగిన నేరేడుపండు రంగు వేశాను. ఇప్పుడు మా ఇంట్లో వాళ్లంతా అవ్వ ఎప్పుడూ ఆ రంగే కట్టేదని ఒట్టేసి చెబుతారు. తెలియని రంగును అంత ధీమాగా వేసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.