వంకర అంచు తుండుగుడ్డ

పోయిన వారం మా ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. మనవరాలికి డిగ్రీ సీటు రెండు చోట్ల వచ్చింది, ఒకటి ఆదోనిలో, ఒకటి కర్నూలులో. ఆదోని అయితే పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఎమ్మిగనూరు తిరిగి రావచ్చు, ఇంటి తిండి తింటుంది, కళ్లెదుట ఉంటుంది అని మా వాడు. బస్సులోనే సగం ప్రాణం పోతే ఇక చదివేదెప్పుడు, కర్నూలు హాస్టల్లో ఉండి చదువుకోనీ అని కోడలు. ఒకరి మాట ఒకరు వినేవాళ్లు కారు కనుక చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు. మనవరాలు వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, "తాతా, ఇల్లిడిసిపెట్టి పోయి సదివినోడివి నువ్వే గదా, నువ్వు సెప్పు" అంది. నేను కళ్లద్దాలు తీసి భుజం మీది తుండుగుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయాను. వినబడలేదనుకుని వాళ్లు మళ్లీ వాదులాటలో పడ్డారు. చెవుడని పేరు పడటం ఈ వయసులో ఎంత సుఖమో నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. నిజానికి అంతా వినబడింది. అద్దం తుడుస్తున్న నా చేతిని చూసుకుంటే పాత తుండుగుడ్డ ఒకటి గుర్తొచ్చింది, అంతే.

మా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా వీధి మగ్గాల చప్పుడుతోనే నిద్ర లేచేది. గుంటలో కాళ్లు దించి మగ్గం నేసేది మగవాళ్లు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, వీధి పొడవునా పడుగు సాగదీసి గంజి పట్టించేటప్పుడు తెగిన పోగులు చూసి అతికేది ఆడవాళ్లూ పిల్లలూ. మా ఇంట్లో నాయన, అమ్మ, నేను, నాకంటే నాలుగేళ్లు చిన్నదైన చెల్లెలు. నాకు ఆ పని ఎన్నడూ చేతికి అబ్బలేదు. నేను చుట్టిన కండె, పడుగులో అటూ ఇటూ విసిరే నాడెలో పెడితే నాలుగు విసుర్లకే పోగు తెగేది, నాయన నా వైపు ఒక చూపు చూసేవాడు, చెల్లెలు ముసిముసిగా నవ్వుకుంటూ ఆ కండె లాక్కుని మళ్లీ చుట్టేది. పుస్తకం పడితే మాత్రం వదిలేవాణ్ణి కాదు. ఊళ్లో ఉన్న చదువు ముగిసేసరికి నన్ను ఆదోని హైస్కూలుకు పంపాలని నాయన పట్టుబట్టాడు. తనకు సంతకం పెట్టడం కూడా రాదు కనుక చదువంటే ఆయనకు దూరపు కొండల నునుపు. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "పోగు తెగితే అతుక్కోవచ్చు, బిడ్డ తెగిపోతే యాడ అతికేది?" అని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి నాయన మాటే నెగ్గింది. నేను బయలుదేరిన మర్నాడే, నేను ఖాళీ చేసిన రాట్నం ముందు చెల్లెలు కూర్చుంది, దాని బడి అంతటితో సరి. అది ఒక సంగతేనని అప్పట్లో నాకు గానీ ఇంకెవరికి గానీ తోచలేదు.

ఆదోనిలో నాయనకు నూలు అమ్మే షావుకారు ఒకాయన తన ఇంటి వసారా గదిలో నాకు చోటిచ్చాడు. పక్కనే పత్తి గోడౌను. వాళ్లు మంచివాళ్లు, నన్నెన్నడూ ఒక్క మాట అనలేదు, కానీ వాళ్లందరూ లోపల పంక్తిలో కూర్చుంటే నేను వసారాలో ఇస్తరాకు ముందు ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. షావుకారమ్మ గడప దాటి వచ్చి వడ్డించి వెంటనే లోపలికి వెళ్లిపోయేది, తిన్నాక ఆకు నేనే ఎత్తి నేల నేనే తుడిచేవాణ్ణి. రోజూ వరి అన్నం, పప్పు, చారు, మా ఇంట్లో అయితే పెళ్లినాటి భోజనం. అయినా నాకు ముద్ద దిగేది కాదు. ఒకే తట్టలో జొన్నరొట్టె పెట్టుకుని, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి కోసం చెల్లెలితో కొట్లాడుతూ తినడం అలవాటైన నోటికి, ఎవరూ లాక్కోవడానికి రాని అన్నం రుచించదని అక్కడే తెలిసింది. బజారులో సగం ఉర్దూ, సగం కన్నడం. క్లాసులో నా మాట విని టౌను పిల్లలు నవ్వేవాళ్లు, అందుకని మాట్లాడటమే తగ్గించాను. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు ఉండేది కాదు, దూరంగా జిన్నింగు మిల్లు కూత ఒక్కసారి వినిపించి ఆగిపోయేది, ఆపైన అంతా నిశ్శబ్దం. ఆదివారాలు కోట కొండెక్కి ఎమ్మిగనూరు ఏ దిక్కున ఉంటుందో చూసేవాణ్ణి. నల్లరేగడి చేలు, వాటి మీద ఆకాశం, అంతకుమించి ఏమీ కనబడేది కాదు. ఏడుపొచ్చేది. ఏడ్చాను కూడా, ఇప్పుడు దాచుకోవడమెందుకు.

ఇంటి నుంచి నెలకో కార్డు వచ్చేది. నాయన చెబితే ఊళ్లో పంతులు రాసేవాడు. ఏ కార్డు చూసినా ఒకే మాట, మేమంతా క్షేమం, నీవు చదువు మీద మనసు పెట్టవలెను. పంతులు చేతిరాత, పంతులు భాష, అందులో మా ఇంటి వాసన ఎక్కడా ఉండేది కాదు. అంతకంటే నాకు ఎక్కువ మాట్లాడినది తుండుగుడ్డే. నూలు కోసం ఆదోని వచ్చినప్పుడల్లా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, ఇంట్లో నేసిన తుండుగుడ్డ ఒకటి తెచ్చి ఇచ్చేవాడు. గుడ్డ చేతబట్టి చూసి అది ఏ ఇంటి మగ్గానిదో, నేసిన చేయి ఎవరిదో చెప్పడం మా వాళ్లలో పిల్లలకు కూడా వచ్చు. పోగును బిగించే నాయన దెబ్బ మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరు, అంచు గీత గీసినట్టు ఉండేది. ఆ అంచు మీద వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి జరుపుతూ కూర్చుంటే నాయన పక్కన కూర్చున్నట్టే ఉండేది.

హైస్కూలు చివరి సంవత్సరం నాటికి యుద్ధం ముమ్మరంగా ఉంది. నూలుకు కంట్రోలు, దొరికిన నూలు కూడా నాసిరకం. ఆ రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సెక్కి, మసి కొట్టుకున్న మొహంతో చిన్నాయన ఒకసారి వచ్చి ఒక తుండుగుడ్డ ఇచ్చాడు. విప్పి చూస్తే ఒక చివర నేత వదులు, వెంటనే మరీ బిగువు, అంచు లోపలికి పీక్కుపోయి పాము నడిచినట్టు ఉంది. ఇది నాయన చేయి కాదని నా వేలికి తెలిసింది. నా బుర్ర మాత్రం దానికి వేరే అర్థం చెప్పింది. కంట్రోలు నూలు కదా, పైగా తొందరలో నేసి ఉంటాడు అనుకున్నాను. నాలుగేళ్ల ఆదోని నీళ్లు తాగిన గర్వం కూడా కొంత తోడైంది. "ఇట్లాంటి గుడ్డ నలుగుర్లో యాడ ఏసుకునేది చిన్నాయనా, అంచు ఇంత వంకరేంది, నాయనకు సెప్పు" అని నవ్వుతూనే అన్నాను. చిన్నాయన నవ్వలేదు. సరేలేప్పా అని లేచి వెళ్లిపోయాడు. ఆ గుడ్డను భుజాన వేసుకోవడానికి నామోషీ అనిపించి, లాంతరు చిమ్నీ తుడవడానికి పెట్టుకున్నాను. పరీక్షల దాకా అది ఆ పనికే వాడాను.

పరీక్షలు ముగించుకుని, ట్రంకు పెట్టె, లాంతరు పట్టుకుని ఎమ్మిగనూరులో బస్సు దిగితే ఎదురొచ్చింది చెల్లెలు ఒక్కతే. పెట్టె నేను నెత్తిన పెట్టుకున్నాను, లాంతరు అది అందుకుంది. ఇంటికి వెళ్లేసరికి నాయన మంచంలో ఉన్నాడు. దసరా నాటి నుంచి మోకాళ్లు వాచి గుంటలోకి దిగలేకపోతున్నాడట, కాళ్లకు వావిలాకు కట్టి ఉంది. మగ్గం మీద మాత్రం సగం నేసిన పంచె ఉంది. ఎవరు నేస్తున్నారని నేను అడిగే లోపల చెల్లెలు పరికిణీ సర్దుకుని గుంటలోకి దిగి నాడె విసిరింది. పదమూడేళ్ల పిల్ల. ఆడపిల్ల గుంటలో దిగిందని నలుగురూ అంటారేమోనని వీధి తలుపు ఓరగా మూసి నేయిస్తున్నారు. నాకు తెలిస్తే చదువు వదిలి వచ్చేస్తానని, కార్డుల్లో ఒక్క అక్షరం రాయనివ్వలేదు నాయన.

ఆ సాయంత్రమే చెల్లెలు నా దగ్గరికి వచ్చి, "అన్నా, చిన్నాయనతో పంపిన తుండుగుడ్డ యాడ పెట్టినావు? ఉతికి ఎత్తిపెట్టల్ల" అంది. ఎందుకని అడిగితే అమ్మ చెప్పింది. మా ఇంటి ఆచారం ప్రకారం కొత్త చేయి నేసిన తొలి గుడ్డ ఉరుకుంద ఈరన్న స్వామికి పోవాలి, దాన్ని ఎవరూ వాడుకోరు. చెల్లెలు మాత్రం వినలేదట. స్వామికి గుడ్డలు చాలా ఉన్నాయి, అన్న ఆడ ఒక్కడే ఉన్నాడు, ముందు అన్న మొగం తుడుచుకోనీ, పాసై వచ్చినాక ఉతికి శ్రావణంలో స్వామికి ఇచ్చుకుంటా అని మొక్కుకుని పంపిందట. నేను ఆక్షేపించిన ఆ వంకర అంచు దాని చేయి నేర్చుకున్న దారి. ఒక చివర తడబాటు, నడుమ తంటాలు, మరో చివరకు వచ్చేసరికి కాస్త తిన్నగా. అంతా ఆ గుడ్డలోనే ఉంది. చదువుకున్నవాణ్ణి, చదవలేకపోయాను.

ఏం చెప్పను? బస్సులో గాలికి ఎగిరిపోయిందని అబద్ధమాడాను. పోతేపోనీలే అన్నా అంది చెల్లెలు. ఎవరూ చూడకుండా వెళ్లి లాంతరు తెరిచాను. దారిలో గాజు పగలకుండా చిమ్నీలో కుక్కి తెచ్చిన ఆ గుడ్డ మసి పట్టి నల్లగా అక్కడే ఉంది. తీసి పెరట్లో పూడ్చిపెట్టాను.

పాసయ్యాను. షావుకారు తనకు తెలిసినవాళ్లతో మాట్లాడి అనంతపురం కాలేజీలో చేరేందుకు, హాస్టల్లో ఉండేందుకు ఏర్పాటు చేశాడు. నేను వెళ్లనన్నాను. చెల్లెల్ని గుంటలోంచి లేపి నేను కూర్చుంటానన్నాను, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాడె ఆపకుండానే చెల్లెలు అందుకుంది. "నువ్వు దిగితే రోజుకు ఇరవై పోగులు తెంపుతావు, అవి అతికేది మళ్లా నేనే. నువ్వు పోన్నా. ఇది నీకంటే నాకే బాగొస్తాది." అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ నవ్వే సందుగా దొరికిందని పెట్టె సర్దుకున్నాను. ఇంకోసారి గట్టిగా అని ఉండవలసింది. అనలేదు. గుంతకల్లులో బండి మారేటప్పుడు ప్లాట్‌ఫారం మీద ఒక్కణ్ణే కూర్చుని తెలుసుకున్నాను, నేను వెళ్లనన్నప్పుడు కూడా పొమ్మంటే బాగుండునని లోపల ఎదురుచూశానని. ఆదోనిలో ఉన్నది ఇంటి మీద బెంగ. అనంతపురంలో పట్టుకున్నది వేరు, దానికి ఇంటికి వెళ్లినా మందు లేదు.

చదువైంది, ఆదోనిలోనే ఉద్యోగమైంది. చెల్లెల్ని పెద్దకడుబూరులో సేద్యం చేసుకునే ఇంటికి ఇచ్చాము. మగ్గం లేని ఇల్లు, దాని చేయి మళ్లీ నాడె పట్టలేదు. కొన్నేళ్ల తర్వాత మా ఇంటికి కరెంటు వచ్చినప్పుడు అది పుట్టింటికి వచ్చి ఉంది. బల్బు వెలగగానే, హమ్మయ్య, ఇక చిమ్నీలు తుడిచే బాధ తప్పిందన్నాను. చెల్లెలు బల్బు వైపే చూస్తూ, "నా తుండుగుడ్డతో బాగా తుడుచుకుంటివా అన్నా?" అంది. "బస్సు దిగినప్పుడు లాంతరు మోసినదాన్ని నేనే గదా" అంది, మళ్లీ తనే. "స్వామికి ఆ శ్రావణమే సెప్పుకున్నాలే. మాయన్న సదువుకునే దీపానికి పనికొచ్చినాది, తప్పెంచొద్దని." ఎగతాళి లేదు, నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, తిట్టించుకుని తేలికపడేవాణ్ణి. చెల్లెలు పోయి ఇప్పుడు మూడేళ్లు.

మొన్న మనవరాలిని పిలిచి, కర్నూలుకే పో తల్లీ అన్నాను. అయితే ఇంటి నుంచి ఏది వచ్చినా, పచ్చడి సీసా అయినా సరే, ఈసారి ఎవరు చేశారు, ఎందుకు వాళ్లు చేశారు అని అడుగు అన్నాను. అది నవ్వి, రోజుకు మూడుసార్లు ఫోన్లో మాట్లాడతాము గదా తాతా అంది. మాట్లాడతారు, నిజమే. అంతా బాగున్నామనే చెబుతారు, మా పంతులు కార్డులో రాసినట్టే. కనిపెట్టేందుకు మాకు కనీసం ఒక గుడ్డ ఉండేది. ఇప్పుడు మా వీధిలో మగ్గాల చప్పుడు లేదు, పొద్దున లేస్తే ఎనభై ఏళ్లు దాటిన వయసులో మళ్లీ ఆదోని వసారా గదిలో లేచినట్టు ఉంటుంది. కళ్లద్దాలు తుడుచుకునే ఈ తుండుగుడ్డ అంగట్లో కొన్నది. అలవాటు కొద్దీ అంచు మీద వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా జరిపి చూస్తాను. ఎక్కడా వంకర లేదు. ఎవరు నేశారో తెలియదు.