దుంగ మీద చెయ్యి

పందొమ్మిది వందల డెబ్బై ఆరు, మే నెల పన్నెండో తారీఖు, బుధవారం, పొద్దున పదిన్నర. తిరువూరు కోత మిల్లులో నేను ఒకావిడ దుంగని పాడు చేసింది అప్పుడే. మిల్లు గోడకి గడియారం ఉండేది. ముళ్ళు ఎక్కడున్నాయో చూసి టైము చెప్పేవాణ్ణి. అంతకు మించి చదవడం నాకు రాదు.

అప్పటికి ఆ మిల్లులో కోత మేస్త్రిగా పన్నెండేళ్ళు. చెట్టులో ఏదీ పారేయకూడదని షావుకారు పట్టుదల. పై బెరడు పలకలు పశువుల పాకలకి, ముక్కలు హోటళ్ళ పొయ్యిలకి, రంపపు పొట్టు ఇళ్ళల్లో పొట్టు పొయ్యిలకి పోయేవి. దుంగని ఎటు తిప్పి పెడితే పొట్టు తగ్గి చెక్క ఎక్కువ దిగుతుందో నేను చూపుతోనే చెప్పేవాణ్ణి. నా చేతే కోయించుకోవాలని విస్సన్నపేట నుంచి కూడా బండ్లు కట్టుకొచ్చేవారు. దాంతో నాకు పొగరు తలకెక్కింది.

మా మిల్లులో ఒక పద్ధతి ఉండేది. రంపం తగలకముందు దుంగ తెచ్చినవాళ్ళు దాని మీద చెయ్యి వేసి "కొయ్యి" అనాలి. అన్నాక పేచీ పెట్టకూడదు. కొలతలు నోటితో చెప్పేవారు, నేను కొలపుల్ల మీద గాట్లు పెట్టుకునేవాణ్ణి. చీటీలు తెచ్చేవాళ్ళు తక్కువ. తెస్తే గుమాస్తా చదివేవాడు.

ఆవిడ ఎ.కొండూరు వైపు నుంచి తమ్ముడి బండి మీద వచ్చింది. భర్త పోయిన మనిషి. నిరుడు గాలివానకి దొడ్లో వేపచెట్టు పడిపోతే దుంగని పాకలో ఎత్తు మీద పెట్టి, నెలకోసారి దొర్లిస్తూ ఏడాది ఆరబెట్టిందట. అంత ఓపిగ్గా ఆరబెట్టిన కర్ర ఆ ఏడు నా చేతికి రాలేదు. ఎక్కడా పగులు లేదు.

దుంగ దించగానే కొంగు ముడి విప్పి చీటీ నా చేతికిచ్చింది.

"మా వడ్రంగి రాసిచ్చాడన్నా. అన్నీ ఇందులోనే ఉన్నాయంట. ఎల్లుండికి కావాలి."

గుమాస్తా పది అడుగుల దూరంలో పేపరు చదువుకుంటున్నాడు. ఇచ్చి చదివించుకుంటే అయిపోయేది. ఈలోగా రంపం అవతల నుంచి చెక్క అందుకునే మా బావమరిది నవ్వాడు.

"ఏంటి బావా, అంత దీక్షగా చూస్తున్నావు? ప్రేమలేఖా?"

వెనక వరసలో ఆగిన బండ్లవాళ్ళు కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"నోరు మూసుకుని దుంగ ఎత్తరా," అన్నాను. చీటీని అటూ ఇటూ తిప్పి, చదివినవాడిలా తల ఊపి, నడుం దగ్గర పంచెలో దోపుకున్నాను. ఆ వారం వచ్చిన వేప దుంగలన్నీ తలుపు చెక్కలకే వచ్చాయి. ఇదీ అంతేలే అనుకున్నాను. పన్నెండింటికి కరెంటు పోతుంది, వెనక ఇంకా మూడు బండ్లున్నాయి.

"చెయ్యెయ్యమ్మా."

వేసింది. "కొయ్యన్నా," అంది. అని, ఎద్దులకి నీళ్ళు పెట్టించడానికి తమ్ముడితో రోడ్డవతలకి వెళ్ళింది.

అంగుళం మందాన కోసేశాను. కోత నున్నగా వచ్చిందని మురిసిపోయాను కూడా. తిరిగొచ్చి ఆవిడ చెక్కల ముందు నిలబడిపోయింది.

"ఇదేంటన్నా? గుమ్మం కమ్ములేవి?"

"ఏం కమ్ములు?"

"నిలువులు రెండు, పైదొకటి, గడపొకటి. చీటీలో ఉందిగా! పధ్నాలుగో తారీఖు పొద్దున ద్వారబంధానికి ముహూర్తం. పునాది లేపి దానికోసమే ఆగాం."

షావుకారు లేచి వస్తున్నాడు. టీ కాచుకునే పొట్టు పొయ్యి నా పక్కనే మండుతోంది. గిన్నె దించేవాడిలా వంగి చీటీ అందులో వేశాను. దానికి ఎంతసేపు పడుతుంది.

"ఏంటి మేస్త్రీ గొడవ?"

"చెక్కలకని నోటితోనే చెప్పిందండి. చీటీ గీటీ ఏం లేదు."

"నీ చేతికే ఇచ్చాగదయ్యా!"

"మా అక్క అబద్ధమాడదండీ," అన్నాడు తమ్ముడు. "చదివి తలూపాడు. నేను చూశాను."

షావుకారు నా వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. మంచి మేస్త్రిని పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం?

"చెయ్యేశావా అమ్మా?"

"వేశానండి."

"కొయ్యమన్నావా?"

"అన్నానండి."

"మరి మేమేం చేస్తాం చెప్పు."

ఆవిడ ఇక ఆయనతో మాట్లాడలేదు. నా వంక తిరిగింది.

"నీకు చదువు రాదు కదన్నా," అంది. కోపంగా కూడా కాదు. "నాకూ రాదు. రాదని నువ్వంటే ఆ పేపరాయన చేత చదివించేదాన్నిగా."

"ఆడదానివి, నోరు అదుపులో పెట్టుకో," అన్నాను. అవును, ఆ మాటే అన్నాను.

అక్కా తమ్ముడూ చెక్కలు ఎత్తుకున్నారు. బెరడు పలకలు, చిన్న ముక్కలు కూడా వదలకుండా ఏరుకుంది. మేం ఎవరం ఒక చెయ్యి వేయలేదు.

ఆ వానాకాలం బస్సులో వెళ్తూ ఆ ఇల్లు చూశాను. వాకిట్లో ఆవిడే నిలబడి ఉంది కాబట్టి పోల్చుకున్నాను. చెక్కలు జత చేసి మేకులు కొట్టి గుమ్మం నిలబెట్టారు. తడికి అవి విడిపోయి వంగాయి. తలుపు పట్టక గోనెపట్టా వేలాడదీసుకుంది. బస్సు అక్కడ ఆగింది. నేను దిగలేదు. మిల్లులో మంచి వేప మొద్దులుండేవి, నా కూలిలో పట్టుకోమని షావుకారుకి చెప్పి నాలుగు కమ్ములు కోసి పంపితే ఒక్క పూట పని. పంపలేదు. పంపితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని.

నలభై ఐదు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఆవిడకి ఉత్తరం రాద్దామనుకుని, ఆవిడకి చదవడం రాదుగా అని మానేశాను. అదీ సాకే. ఎవరి చేతైనా చదివించుకునేది.

ఆ పొద్దున అక్కడ ఉన్నవాళ్ళు: షావుకారు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్న గుమాస్తా. వరసలో ఆగిన ముగ్గురు బండ్లవాళ్ళు. చీటీ పొయ్యిలో పడడం చూసి కూడా చచ్చేదాకా ఎవరికీ చెప్పని మా బావమరిది. ఆవిడ తమ్ముడు. ఆవిడ. నేను.