మింజీ వాళ్ళమ్మ

ఆ రోజుల్లో అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లో చదువు చెప్పేది స్కూలే అయినా, ఏ పిల్లని ఎక్కడ చదివించాలో తేల్చేది మాత్రం కొరియన్ చర్చి కింది హాల్లో, ఆదివారం భోజనాల దగ్గర కూర్చునే అమ్మలు. ఏ లెక్కల టీచరు మంచిదో, ఎంట్రన్స్ పెట్టే సైన్స్ హైస్కూల్లో సీటెలా వస్తుందో అక్కడే తెలిసేది. బయటివాళ్ళ చెవిన పడనిచ్చేవారు కాదు. అలాంటి చోటికి, శనివారాలు వెంకటేశ్వరస్వామికి ఒంటిపూట ఉండే మా అమ్మ పులిహోర గిన్నెతో వెళ్ళి కూర్చుందంటే, అది పక్కింటి మింజీ వాళ్ళమ్మ చలవే. ("మతం మార్చేస్తారేమో చూసుకో" అన్నాడు నాన్న. "ముందు పిల్లకి సీటు రానివ్వండి, తర్వాత చూద్దాం" అంది అమ్మ.)

అక్కడ ఏ అమ్మకీ సొంత పేరుండదు, పిల్లల పేరుతోనే పిలుపు. అమ్మ 'శ్రావణి మామ్' అయిపోయి, "అచ్చం మనలాగే!" అని మురిసిపోయింది. ఇద్దరి ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి సరిపోదు, అయినా గంటలకొద్దీ కబుర్లు. "శ్రావణి మామ్, దిస్ టీచర్ వెరీ గుడ్. డోంట్ టెల్!" అనేది ఆవిడ. ఫలితంగా నా శనివారాలు ట్యూషన్ పాలయ్యాయి. కారు వెనక సీట్లో మింజీ, నేనూ మా అమ్మల్ని తిట్టుకుంటూ వెళ్ళేవాళ్ళం.

సీటు నాకొచ్చింది. మింజీకి రాలేదు.

ఆ ఆదివారం మింజీ వాళ్ళమ్మ హాలుకి రాలేదు. మిగతా అమ్మలంతా ఏ టీచరు, ఏ పుస్తకాలు అంటూ మా అమ్మ చుట్టూ మూగారు. గిన్నె మూతైనా తియ్యకుండా ఇంటికొచ్చేసి అమ్మ ఏడ్చింది. "దారి చూపించిన మనిషే, అక్కడ మొహం చూపించలేకపోయిందే" అంది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాం. ఆవిడ అమ్మ చేతులు రెండూ పట్టుకుని, "కంగ్రాచ్యులేషన్స్, శ్రావణి మామ్. ఐ యామ్ హ్యాపీ" అంది, కళ్ళనీళ్ళతోనే. తర్వాత ఆ హాలుకి ఎప్పుడూ రాలేదు. వేసవిలో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు, ఫోన్ నంబరూ మారిపోయింది.

ఇన్నేళ్ళకి మొన్న అమ్మ నా పక్కన కూర్చుని, "ఇంటర్నెట్‌లో అందరూ దొరుకుతారటగా, ఆవిడని వెతకవే" అంది.

"పేరేంటమ్మా?"

"మింజీ వాళ్ళమ్మ" అంది అమ్మ, చాలా చిన్నగా.

నవ్వొచ్చింది, కానీ నవ్వలేకపోయాను. నా ఫోన్లో మాత్రం ఏముంది? మా పాప క్లాసు అమ్మల నంబర్లన్నీ పిల్లల పేర్లతోనే ఉన్నాయి. మర్నాడు స్కూలు గేటు దగ్గర, రోజూ పలకరించే ఒకావిడని ఆపి, "మీ పేరేంటండీ?" అని అడిగాను. ఆవిడ కంగారుపడి, వాళ్ళబ్బాయి పేరు చెప్పింది.