అమ్మిన తోటలో పెద్దత్త

మా పెద్దత్త పోయింది. కారమడై నుంచి పత్తి బండి తోలుకొచ్చినవాడు మూటలన్నీ దించి, నీళ్ళు అడిగి తాగి, అప్పుడు చెప్పాడు. "మీ పెద్దత్త మొన్న పొద్దున పోయె సామీ. ఆ సాయంత్రమే ఎత్తేసిరి. మీకు సొల్లి పంపను మనుసులు దొరకలేదు." నేను కొట్టు మూసి బండి కట్టించాను. కోయంబత్తూరు నుంచి అక్కడికి ఒక పగటి దారి. ఆ పగటి దారి నేను నాలుగేళ్ళుగా పోలేదు. ఎందుకు పోలేదో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఆమె మా నాన్నకు అక్క. పెళ్ళయిన మూడో ఏటనే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి తిరిగి వచ్చింది. తర్వాత ఆ ఇంటి తోటే ఆమె సంసారం. ఇల్లు పాళెయగాళ్ళ నాటిది. కుంఫిణీవారు వచ్చి పాళేలు ఊడబెరికినా, కుంఫిణీ పోయి రాణిగారి దొరతనం వచ్చినా, మా దూలాలు మాత్రం కదల్లేదు. మా తాత కోయంబత్తూరులో ఎవరో దొర బంగళా తోట చూసి వచ్చి, మన ఇంటి ముందూ అలాంటిదే ఉండాలని పట్టుబట్టాడట. ఇటుకల గట్లతో మళ్ళు కట్టించాడు, నడవడానికి తిన్నని దారులు తీయించాడు. ఎద్దులతో కపిల తోలితే బావి నీళ్ళు రాతికాలువ వెంట ప్రతి మడికీ పారేవి.

దొర తోటకూ మా తోటకూ ఒక తేడా ఉంది. మా ఇంట్లో కోడలిగా అడుగుపెట్టే పిల్ల పుట్టింటి పెరట్లోని ఒక అంటుమొక్కను తెచ్చి ఆ మళ్ళలో నాటాలి. ఇంటి ఆడపిల్ల అత్తవారింటికి పోతే ఇక్కడి నుంచి ఒకటి పట్టుకుపోవాలి. తరతరాలుగా అంతే. అందుకే మా తోటలో మొక్కలను పూల పేరుతో ఎవరూ పిలవరు. అవ్వ సంపంగి, చిన్నమ్మ కనకాంబరం, ఇలా మనుషుల పేర్లే. మా అమ్మది జాజి. చిన్నమనూరు నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుందట. నా తొమ్మిదో ఏట అమ్మ పోయింది. పదోనాడు మూలన కూర్చుని ఏడుస్తుంటే పెద్దత్త నన్ను ఓదార్చలేదు. చేతిలో చెంబు పెట్టింది. "మీ అమ్మ సెడికి నీళ్ళు పొయ్యి పో. నీకంటే ముందే అదీ దప్పికతో ఉండాది."

తాను ఒక్క పువ్వూ తలలో పెట్టుకోకూడని మనిషి, ఊరి ఆడవాళ్ళందరి జడలకూ పూలు ఇచ్చేది. ఆమె చేతి అంటు చావదని పేరు. తీగను మెల్లగా నేలకు వంచి, మధ్యలో మట్టి కప్పి, పైన ఒక రాయి పెట్టేది. నెలకో, నెలన్నరకో వేరు దిగేది. నేను రోజూ పోయి రాయి ఎత్తి చూస్తే మొట్టికాయ పడేది. "మంటికి తొందర లేదురా, మనకే తొందర" అనేది. మాటలో ఎంత కరుకో, చేతిలో అంత మెత్తన. చేతిలోని ఆ మెత్తన ఆమె నోట కూడా ఉండి ఉంటే నేను ఇంకాస్త ముందే మనిషినయ్యేవాడినేమో.

తర్వాత ఇల్లు అమ్మకానికి వచ్చింది. చిన్నాయనలు ముగ్గురు, పోయిన నాన్న వంతుకు నేను. ఎవరి కాపురం వాళ్ళది, ఎవరి పొలం వాళ్ళకు ఒక్కో మూల. అంత ఇంటికి కప్పు మార్పించే ఓపిక ఎవరికీ లేదు. కొండమీది దొరలకు బండ్ల మీద సరుకు తోలే మేట్టుపాళయం వ్యాపారి ఒకడు తోట చూసి ముచ్చటపడ్డాడు. అందరం సరేనన్నాం. నలభై ఏళ్ళు ఆ తోటకు నీళ్ళు పెట్టిన మనిషిని ఎవరమూ అడగలేదు. ఆడదానికి వంతు లేదు, వంతు లేనివాళ్ళకు మాట లేదు. నేనూ అడగలేదు.

ఆమె గొడవ చేయలేదు. ఇంటి ఆడపడుచుల పేరు పేరునా తీగలు వంచి రాళ్ళు పెట్టింది. వేర్లు దిగాక అందరికీ కబురు పంపింది. శుక్రవారం పత్రం రాసేలోగా వచ్చి ఎవరిది వాళ్ళు తీసుకుపొమ్మంది. మా అమ్మకు ఆడపిల్ల లేదు గనుక ఆనవాయితీ పక్కనపెట్టి నాకూ పంపింది. నేను నా ఒప్పుదల ముందే రాసి ఇచ్చేశాను. నేను లేకపోయినా పని నడుస్తుంది. పత్తి ధర బాగుంది, రేపు పోదాంలే అనుకున్నాను. ఆలస్యం అమృతం విషం అని పిల్లలకు చెప్పే నోరే ఇది.

శనివారం మధ్యాహ్నం చేరాను. పెద్దత్త గేటు బయట, దారిలో నిలబడి ఉంది. లోపల జాజి కింద నా రాయి పెట్టినట్టే ఉంది. వేరు దిగి కొత్త చిగురు కూడా వేసింది.

"కోసి ఇయ్యి అత్తా" అన్నాను.

"నిన్నే కిరయం అయిపోయె సామీ. ఇంగ అది మనది కాదు."

"ఒక్క తీగ. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తా కదరా."

కొన్నవాణ్ణి అడుగుతానంటే వద్దంది. అమ్మినవాళ్ళు మళ్ళీ ఆ గడపలో చెయ్యి చాపకూడదంది. నా తల్లి గుర్తు అదొక్కటే. కళ్ళ ముందు వేరుతో సహా ఉంది, వంగి తీసుకోవడమే. నాకు ఒళ్ళు మండింది. "వంతు లేదన్న కసి నా మీద తీర్చుకుంటున్నావా?" అన్నాను. ఆమె భోజనం చేసి పొమ్మంది. నేను చేయకుండానే బండెక్కాను. ఆ మాటే మా ఇద్దరికీ ఆఖరు మాట అయింది.

ఈసారి పోయినప్పుడు ఆమె కడపట ఉన్న గుడిసె చూశాను. ఊరి చివర, ఒకే గది. నట్టింట దీపం పెట్టి పక్కింటావిడ కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి చాప వేసింది. వాకిట్లో ఒక్క మొక్క లేకపోవడం నాకు వింతగా తోచి, ఓపిక పోయిందా ఏమని అడిగాను.

"ఓపిక ఎట్ల పోతుంది? తనకీ ఒక తీగకు రాయి పెట్టుకోనుండె. అయినా ఇంటివాళ్ళు కడపట కదా తీసుకునేది. మా మేనల్లుడు రావాల, వాడు తీసుకున్నాక నాది తీస్తా అనె. శుక్రారం పత్రం రాసేదాకా గేటు కాడనే నిలబడుండె. దాని ముందునాడే ఈడ పెరట్లో గుంత తవ్వి పెట్టుకొనుండె, పావం."

నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. గోడ వారగా మోకాలి లోతు గుంత. ఎరువు కలిపిన మన్ను పక్కన కుప్పగా పోసి ఉంది, నాలుగేళ్ళ వానలకు గట్టిపడింది. చుట్టూ మేకలు పడకుండా కంప నాటి ఉంది. కంప మాత్రం పాతది కాదు, ఏటేటా మార్చినట్టుంది. ఎవరిదో మేకపిల్ల ఆ ముళ్ళ మీదుగా మెడ చాపి, లోపల ఏముందోనని వెతుకుతూ ఉంది.