పెద్దమందడి అవతల బాట పోయిన గుట్ట

"మేడం, మీరు బ్లాగుల రాసే గుట్టలన్నీ కార్లున్నోల్ల గుట్టలే. బస్సుల పోయే గుట్ట నేను చూపిస్త" అని గద్వాలలో బాలరాజన్న నన్ను దెప్పి ఉండకపోతే ఈ ప్రయాణమే లేదు. ఆయన చీరలు నేస్తాడు. రెండేళ్ల కిందట మా చెల్లెలి పెళ్లికి చీర కొనడానికి వెళ్లినప్పుడు పరిచయమయ్యాడు. గుంట మగ్గంలోకి కాళ్లు దించుకుని ముప్పై ఏళ్లుగా పొద్దంతా కూర్చునే బతికిన మనిషి. ఆయన ఇంట్లో నెలకు ఒక్కటే సెలవు, అమావాస్య. ఆ రోజు మగ్గం ముందు దీపం పెట్టి, దండం పెట్టుకుని లేస్తారు, మళ్లీ మర్నాడు పొద్దున దాకా ముట్టరు. పెళ్లయిన కొత్తలో ఆ సెలవు నాడు ఆయన పెద్దమందడి అవతల దొనలగుట్టకు పోయేవాడట. పైన రాతి దొనలో నీళ్లుంటాయని, అక్కడ నిలబడితే కోడేరు దిక్కు గుట్టలన్నీ వరుసగా కనిపిస్తాయని చెప్పాడు. చివరిసారి ఎక్కి ఆరేళ్లయింది. మోకాళ్లు అరిగాయని దవాఖానలో చెప్పారు. "ఈ యేడు జర మాట ఇంటున్నయ్. వచ్చే యేడు ఇంటయో లేదో" అన్నాడు. ఒక్కసారి పైకెక్కి కూర్చోవాలి, అంతే ఆయన కోరిక. గుట్ట సర్కారుది, టికెట్టు లేదు, గేటు లేదు అని హామీ కూడా ఆయనే ఇచ్చాడు.

అమావాస్యకు ముందురోజే గద్వాల చేరి, బస్టాండు దగ్గర లాడ్జిలో ఎనిమిది వందలకు గది తీసుకున్నాను. పొద్దున ఆరున్నరకు బస్సు. ఆడవాళ్లకు బస్సు ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే నాకు జీరో టికెట్టు ఇచ్చారు. బాలరాజన్న డబ్బులిస్తూ "మొగోనిగ పుట్టుడు గింత నష్టమనుకోలే" అని కండక్టరును నవ్వించాడు. జూరాల దాటి ఆత్మకూరులో దిగాం. వనపర్తి బస్సుకు ఇరవై నిమిషాలుందంటే బస్టాండు ఎదుట బండి దగ్గర ఇడ్లీలు తిన్నాం, ప్లేటు ముప్పై రూపాయలు. ఇడ్లీలు పెడుతున్న అమ్మ ఎక్కడికని అడిగింది. గుట్టకని చెప్పాను.

"గుట్ట మీద ఏం కట్టిండ్రు?"

"ఏం కట్టలే" అన్నాడు బాలరాజన్న.

"మరి ఎందుకు పోతున్రు?"

"గందుకే పోతున్నం" అని ఇంకో ఇడ్లీ వేయించుకున్నాడు. ఆ రోజంతటిలో ఆయన నిండుగా నవ్వింది ఆ ఒక్కసారే.

తొమ్మిదిన్నరకు వనపర్తిలో దిగి, పోనూ రానూ ఐదు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. పెద్దమందడి దాటాక ఒక మట్టిరోడ్డు మలుపు దగ్గర బాలరాజన్న ఆటో ఆపించాడు. ఎదురుగా గుట్ట, నల్లటి బండలతో కిలోమీటరు దూరంలో ఉంది. వానలు తగ్గి పది రోజులే అయింది, ఎక్కడ చూసినా పచ్చగా ఉంది. మేము నిలబడ్డ చోటి నుంచి గుట్ట దాకా బండ్ల బాట ఉండాలి. ఆ చోట సిమెంటు స్తంభాలు, ఇనుప కంచె, నీలం రంగు గేటు, లోపల మామిడి మొక్కలు ఉన్నాయి. బాలరాజన్న కంచె పక్కన అటు కొంత దూరం, ఇటు కొంత దూరం నడిచి వచ్చాడు. చేతిలోంచి తాళంచెవి జారిపడ్డట్టు నేలంతా వెతుకుతున్నాడు.

గేటు దగ్గర కాపలా ఉన్న యోహానుకు అరవై ఏళ్లు ఉంటాయి. మమ్మల్ని కసరలేదు. ముందు నీళ్లిచ్చాడు.

"బాట ఏడవాయె?" అని అడిగాడు బాలరాజన్న.

"మీరు నిలబడ్డదే బాట. ఈ చేను మాదే ఉండె. మా నాయిన, పక్క చేనాయన చెరి నాలుగడుగులు ఇడిసిండ్రు. నోటిమాటనే, కాయితం మీద రాసుకోలే. తర్వాత ఊరు ఊరంత పూనా పోతిమి, మట్టి తట్టలు మోసే పనికి. నడిచెటోల్లు లేకపాయె, గడ్డి మొలిసె. అమ్మేటప్పుడు కొలతకొచ్చినోల్లు ఈ బాటేందని అడిగిండ్రు. బాట తీసేస్తే మాకు పైసలు తగ్గుతయి గద. బాట లేదు, అంత చేనే అన్న. కలిపి కొలిపిచ్చిన."

బాలరాజన్న నీళ్లు తాగిన చెంబు తిరిగిచ్చాడు.

"నేనే అమ్మిన, నేనే ఆపుతున్న" అన్నాడు యోహాను. "మొన్న సీతాఫలాలకొచ్చిన మా ఊరి ఆడోల్లను లోపలికి ఇడిసిన. ఈ చేను కొన్న అయ్య పట్నంల కూసొని కెమెరాల పడ్డదంత ఫోన్ల చూసిండు. సగం జీతం కోసిండు. అయినా మీరు పోతనంటే పోండ్రి, జల్ది దిగిరాండ్రి."

బాలరాజన్న గేటు లోపలి కెమెరాను చూశాడు, యోహానును చూశాడు. "వద్దులే అన్నా. నా ముచ్చటకు నీ కొలువెందుకు పోవాలె" అన్నాడు. నేను మాత్రం బతిమాలబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. నాకు కోపం రావాలి, కానీ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఏడుపొచ్చింది.

వెనక నుంచి చుట్టి పోవచ్చని ఆటో డ్రైవరు అన్నాడు. ఆటో కొంత దూరమే పోయింది. తర్వాత తుమ్మచెట్ల మధ్య అరగంట నడిచాం. అటుపక్కా కంచే, అది మరొకరిది. బాలరాజన్న రెండుసార్లు కూర్చుని లేచాడు. మూడోసారి లేవలేదు. అక్కడే కంచెకు ఆనుకుని, ఆయన భార్య కట్టిచ్చిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి తిన్నాం. గుట్ట మొదలు మాకు రెండు వందల అడుగుల దూరం కూడా లేదు. ఆయన గుట్టకు వీపు పెట్టి కూర్చుని తిన్నాడు. "గిప్పుడు పరేషాన్ ఎందుకు మేడం, ఇంట్ల ఉంటే ఒక జానెడు నేస్తుంటి" అన్నాడు.

తిరుగు దారిలో మండల ఆఫీసులో ఆగాం. అక్కడి గుమాస్తా ఓపికగానే ఊరి నక్ష, అదే భూముల పటం, తీసి చూపించాడు. "గుట్ట గవర్నమెంటుదే మేడం, ఎవరూ కాదనరు. దానికి బాట మాత్రం నక్షల లేదు." అర్జీ రాసిచ్చాను. తీసుకున్నాడు. బయటికొచ్చాక బాలరాజన్న ఏమైందని కూడా అడగలేదు. రాత్రి కాకముందే ఆయన్ను గద్వాలలో దిగబెట్టి నేను హైదరాబాద్ బస్సెక్కాను.

ఈ బ్లాగులో ఇన్నాళ్లూ ఏ గుట్టకు ఎన్ని మెట్లు, ఎక్కడ నీళ్లు దొరుకుతాయి అని రాశాను. సర్కారు భూమి అంటే మనందరిదీ అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఇప్పుడవి చదువుకుంటే సిగ్గేస్తోంది. ఊరి వాళ్లు పొట్ట చేత పట్టుకుని పోయిన ఏళ్లలో బాట పోయింది, తిరిగొచ్చినవాళ్లు దాన్ని అడిగే పరిస్థితిలో లేరు. మీరు ఇలాంటి పేరులేని గుట్టకు పోవాలనుకుంటే నేను చెప్పగలిగేది ఒక్కటే. బయల్దేరే ముందు మండల ఆఫీసులో ఊరి నక్ష అడిగి, గుట్ట ఎవరిదని కాదు, దానికి బాట గీసి ఉందా అని చూసుకోండి. నడవలేని మనిషిని వెంటబెట్టుకుని పోయేటట్టయితే తప్పకుండా చూసుకోండి.

మరుసటి అమావాస్య నాడు, కాస్త దగ్గర్లో ఇంకేదైనా చోటికి పోదామని అడగడానికి పొద్దున తొమ్మిదింటికి ఆయనకు ఫోన్ చేశాను. భార్య ఎత్తింది. వెనక మగ్గం టకటకా ఆడుతోంది.

"మగ్గం మీద ఉన్నడక్కా. పిలువాల్నా?"

వద్దన్నాను.